ఎడమ ముక్క

"ఎన్ని కుట్టావు?"

అన్నయ్య అడిగిన మొదటి మాట అదే. ఏమైందని అడగలేదు, ఎలా జరిగిందని అడగలేదు. ఆదివారం చందాల నడక కోసం రాయించిన బేనరు చుట్టను భుజాన పెట్టుకుని, కొట్టు గుమ్మంలో నిలబడి, ఎన్ని కుట్టావని అడిగాడు.

"ఒక్క కోటే," అన్నాను. "నువ్వు లేవని మిషనెక్కి కుట్టి, ఇస్త్రీ చేసి, అద్దం ముందు నేనే తొడుక్కుని చూశాను. నా పైప్రాణాలు పైనే పోయాయి. మిగతా కట్టలు విప్పి చూస్తే అన్నీ ఇంతే. ఎనభైకి ఎనభై. కుడి ముక్క అచ్చు గుద్దినట్టుంది. ఎడమ ముక్క రెండు వేళ్ళు సన్నం. చంక దగ్గరైతే ఎలుకలు కొరికినట్టుంది."

"మెల్లగా."

"మెల్లగానే అంటున్నాను. నువ్వే తలుపు బార్లా తెరిచి నిలబడ్డావు."

అతను తలుపు మూశాడు. "మీ వదిన లోపల ఉందా?"

"మాత్రలేసుకుని పడుకుంది. మూడున్నరకి గాని లేవదు."

అప్పటికి ఇంకా మూడు కాలేదు. అన్నయ్య బేనరును గోడకు చేరవేశాడు. అది నిలవలేదు, జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తీయలేదు.

మా కొట్లో కత్తెర పట్టేది వదిన ఒక్కతే. అన్నయ్యది మిషను. కాజాలు, బొత్తాలు, చివరి ఇస్త్రీ నావి. వీధి వీధంతా ఆమెను మాస్టరమ్మ అంటుంది. కొలతకు కోసిన అట్ట పెట్టి గీయడం ఆమెకు నామోషీ. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, బట్టను తిరగేసి పరిచి, సుద్దతో నాలుగు గీతలు గీసిందంటే కోటు అయిపోయినట్టే. ఎక్కువ కోట్లు కావాలంటే ఇరవై పొరలు ఒకదాని మీద ఒకటి మోపుగా పరిచి, పైదాని మీద గీసి, కరెంటు కత్తితో ఒకేసారి కోస్తుంది. ఆ ఒక్క గీత ఇరవై కోట్లకు చెల్లుతుంది. తప్పితే ఇరవైకీ తప్పుతుంది. ఇన్నేళ్ళలో అలా తప్పింది ఒక్క నెలలోనే, రెండేళ్ళ కిందట.

ఆ నెల సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఒక పొద్దున వదిన తల దువ్వుకుని కొట్లోకి వచ్చింది. కుడి సగం నున్నగా దువ్వి ఉంది. ఎడమ సగం పక్క మీంచి లేచినప్పటిలాగే రేగి ఉంది. నేను పగలబడి నవ్వాను. "కొత్త ఫ్యాషనా వదినా?" అని కూడా అన్నాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు. వారం తిరక్కుండా ఇదే బల్ల పక్కన కొయ్యబారి పడిపోయింది. తలలో కుడి వైపున కణితి. దాని పుణ్యమా అని ఎడమ వైపు లోకమే ఆమెకు లేకుండా పోయింది. కళ్ళకు ఏ లోపమూ లేదు, ఎడమ పక్కన ఉన్నదాన్ని బుర్ర లెక్కలోకి తీసుకోదు, తీసుకోవడం లేదన్న సంగతి కూడా ఆమెకు తెలియదు అన్నాడు డాక్టరు.

ఆపరేషను చేశారు. లోకంలో ఎడమ అనేది ఒకటుందని వదిన ఏడాది పాటు మళ్ళీ నేర్చుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇది మళ్ళీ వచ్చే రకం. ఎడమ మర్చిపోవడం మొదలైతే ఆ రోజే తీసుకురండి. మర్నాడు కాదు, ఆ రోజే."

"లేపనా?" అన్నాను.

"వద్దు."

"అన్నయ్యా, డాక్టరు ఏమన్నాడో..."

"నాకు తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను." అతను కట్టలోంచి ఒక ఎడమ ముక్క తీసి, చూసి, మళ్ళీ కట్టలోనే పెట్టాడు. "ఇవాళ శుక్రవారం. ఆదివారం నడక అయిపోనీ. సోమవారం పొద్దున్నే నేనే తీసుకెళ్తాను. రెండు రోజులు. రెండే రోజులు."

"ఈ రెండు రోజులు ఎవరిచ్చారు నీకు?"

అతను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. మా అన్నయ్యకు వచ్చిన విద్య అదొక్కటే. అడగాల్సింది అడిగితే రాయి అయిపోతాడు.

నడక మా ఇంటి పిల్ల పెట్టిన చిచ్చు. అన్నయ్య కూతుర్ని కెప్టెను అంటాం, ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తుంది కాబట్టి. ఆస్పత్రిలో కణితుల మీద పరిశోధన చేసే గది ఒకటుంది. ఈ రకం ఎందుకు తిరిగొస్తుందో తెలిస్తే ఆపడానికి దారి దొరుకుతుందని, తెలుసుకోవడానికి యంత్రాలూ మనుషులూ కావాలని డాక్టరు ఒకసారి నోరు జారాడు. అంతే. కెప్టెను చదువు పక్కన పెట్టి, తొమ్మిది నెలలుగా కాళ్ళకు బలపం కట్టుకుని చందాల కోసం తిరుగుతోంది. ఆ గదికి డబ్బు కోసం ఆదివారం రెండు వందల మంది నడుస్తారు. అందరికీ బూడిద రంగు చేతుల్లేని కోటు, మా కొట్టు కుట్టు, మాస్టరమ్మ స్వయంగా కోసింది. ఊరంతా అంటించిన కాగితాల మీద వదిన కత్తెర పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కింద పెద్ద అక్షరాలతో "గెలిచింది" అని ఉంటుంది.

వదినకు అదంతా వేళాకోళం. "నా తల్లోంచి తీసిన ముక్క అక్కడ సీసాలో చల్లగా కూర్చుంది. దాని పోషణకే మీరందరూ చందాలు ఎత్తుతున్నారు. కూతురుకైనా ఇంత ఖర్చు పెట్టలేదు నేను," అనేది. అందరం నవ్వేవాళ్ళం. ఆ ముక్కను చూసి నవ్వగలిగామంటే, మేము దాన్ని నిజంగానే గెలిచామనుకున్నాం.

తలుపు తోసుకుని కెప్టెను వచ్చింది. చేతిలో వాళ్ళమ్మ వేదిక మీద చదవాల్సిన కాగితం.

"అత్తా, అమ్మ లేచిందా? ఒక్కసారి చదివిస్తాను. మైకు ముందు తడబడకూడదు కదా..." మా ముఖాలు చూసి ఆగిపోయింది. "ఏంటి? ఎందుకలా ఉన్నారు?"

బల్ల మీద నేను కుట్టిన కోటు ఉంది. అది చూసింది. తీసి రెండు భుజాలు కలిపి పట్టుకుంది. ఒక వైపు ముక్క రెండో దాని కంటే లోపలికి పోయింది. టైలరు బిడ్డకు అంతకంటే చెప్పేదేముంది.

"ఇది అమ్మ కోసిందా?"

"నిన్న కోసింది," అన్నాను. "ఆఖరి నాలుగు మోపులూ నిన్న ఒక్క రోజులోనే కోసింది."

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ."

అది కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కారు పిలుస్తాను. ఇప్పుడే వెళ్దాం," అంది.

"ఆగు," అన్నాడు అన్నయ్య.

"ఏంటి నాన్నా ఆగేది?"

"ఆదివారం దాకా ఆగు. అమ్మకి చెప్పొద్దు. కోటు సంగతి నేను చూసుకుంటాను. నేనే కోశానని చెప్తాను. సాయం చేద్దామని చేతులు పెట్టి చెడగొట్టానంటాను."

"నువ్వు కోశావంటే అమ్మ నమ్ముతుందా? కత్తెర ఏ చేత్తో పట్టాలో తెలుసా నీకు?"

"నమ్మకపోతే నా మీద అరుస్తుంది. అరవనీ. రెండు రోజులు నా మీద అరుస్తూ సుఖంగా ఉండనీ. ఆ వేదిక ఎక్కనీ. ఒక్కసారి అమ్మని అందరూ చూడనీ. ఆ తర్వాత ఎలాగూ మళ్ళీ గుండు గీయించి మంచం మీద..."

"అందుకని దాచిపెడదామా? రోజురోజుకీ అది పెరుగుతుంటే మనం బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుందామా? ఆస్పత్రికి డబ్బు పోగేసి ఇస్తున్నాం, మన మనిషిని మాత్రం ఆస్పత్రికి తీసుకెళ్ళం. ఎవరైనా వింటే ముఖాన ఉమ్మేస్తారు నాన్నా!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను! నీకు అమ్మ కంటే వేదిక ముఖ్యమా?"

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. నేను పుట్టి బుద్ధెరిగాక అతను కూతురి మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

"నాకా? వేదిక నాకు ముఖ్యమా? పోయిన నెల స్కానుకి తారీఖు ఇచ్చారు. ఎవరు మార్పించారు? మైదానం వాళ్ళతో మాట్లాడాలి, అమ్మ పక్కన లేకపోతే వాళ్ళు మైదానం ఇవ్వరు, స్కాను నడక అయ్యాక చేయిద్దాం, నెల రోజుల్లో కొంప మునగదు అని ఎవరన్నారు? నేనా?"

నిజమే, ఆ మాట కెప్టెనుదే. వదిన కూడా సరేనంది, నేను కూడా సరేనన్నాను, అన్నయ్య ఏమీ అనలేదు. అయినా మాట దానిదే. అది బల్ల అంచు పట్టుకుని కిందికి జారి, పడి ఉన్న బేనరు పక్కనే కూలబడింది.

"నేనే," అంది. "నేనే వద్దన్నాను."

అన్నయ్యను చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు. "చాలా బాగుంది. పిల్ల గుండెల్లో పొడిచావు. ఇప్పుడు హాయిగా ఉందా?"

అతను నా వంక చూడలేదు, నేల వంక చూశాడు. ఆ చూపు నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు.

"ఏంటర్రా గొడవ? బజారు దాకా వినపడుతోంది."

వెనక గది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ముఖం నిండా నిద్ర. ఆమె తల వంక ముగ్గురం ఒకేసారి చూశాం. జుట్టు ముడి వేసుకుంది, బాగానే ఉంది. నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అంతలోనే ఆమె కాళ్ళు చూశాను. కుడి కాలికే చెప్పు ఉంది.

కెప్టెను కూడా చూసింది. మోకాళ్ళలో తల దాచుకుంది.

"అది కింద కూర్చుందేంటి? ఏవండీ, ఏమన్నారు దాన్ని?"

"ఏం లేదు," అన్నాడు అన్నయ్య. "కోట్లు చెడిపోయాయి. నిన్న నువ్వు గీసి పెట్టావు కదా, నీకు శ్రమెందుకని నేను కోశాను. చెయ్యి తిరగలేదు. ఎడమ ముక్కలన్నీ పాడైపోయాయి."

వదిన అతన్ని ఒక నిమిషం పాటు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వు వచ్చేటప్పుడు ఆమెకు ముందు కళ్ళు చిన్నవవుతాయి. "మీరు కోశారా? మీరు? నిన్న నా చేత్తో నేను కోస్తే, మీరు కలలో కోశారా?"

"అది కాదు..."

"నీళ్ళు నమలకండి. ఏ కోటు? చూపించు," అని నా వంక తిరిగి, బల్ల మీంచి కోటు లాక్కుంది. "లేవవే కెప్టెనూ. తొడుక్కో. ఎడమ ముక్క పాడైందంట, చూద్దాం ఎంత పాడైందో."

కెప్టెను లేచింది. కోటు తొడుక్కుని పెద్దద్దం ముందు నిలబడింది. కొలతలకు వచ్చినవాళ్ళను నిలబెట్టినట్టే వదిన దాని వెనక నిలబడి, భుజాల మీంచి అద్దంలోకి చూసింది. దాని ఎడమ భుజం కింద బట్ట పైకి లాగేసి ఉంది. బొత్తాల వరస ఏటవాలుగా పోయింది. దారిన పోయే దానయ్యకైనా తెలుస్తుంది.

వదిన పైనుంచి కిందికి చూసింది. కుడి భుజం మీద ముడత సవరించింది.

"బాగానే ఉందే!" అంది. "చక్కగా కూర్చుంది. ఎవరన్నారు పాడైందని?"

కెప్టెను అద్దంలోంచి వాళ్ళ నాన్న వంక చూసింది.

"మాట్లాడరేం? మీరంతా నన్ను ఆట పట్టిస్తున్నారా?" నవ్వు ముఖంతోనే అద్దంలో మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. చూస్తూ చూస్తూ ఉంటే ఆమె నవ్వు పోయింది. నేను ముఖం తిప్పుకున్నాను. తిప్పుకోకుండా ఉండాల్సింది.

బల్ల మీంచి టేపు తీసుకుంది. కూతురి కుడి చంక కింద ఒక చెయ్యి, బొత్తాల దగ్గర ఒక చెయ్యి పెట్టి పట్టుకుంది.

"చదువు."

కెప్టెను తల వంచి చూసింది. "పదకొండున్నర."

"ఇప్పుడిది." టేపును ఎడమ వైపుకు మార్చింది. అటు తల తిప్పకుండా, వేళ్ళతో తడుముకుంటూ కుట్టు ఎక్కడుందో పట్టుకుంది. ఇరవై ఏళ్ళ పైబడి చేసిన పని, చేతులకు కళ్ళతో అవసరం లేదు. "చదువు."

ఎడమ వైపు పది. ఒక్క గీత అటూ ఇటూ లేదు. నేను నిలబడిన చోటికే కనబడుతోంది. ఇందాకటి దాకా అమ్మకు చెప్పాల్సిందేనని తండ్రి మీద విరుచుకుపడ్డ పిల్ల అది. అన్నయ్య వద్దన్నట్టు తల ఊపాడు. చెప్పవే తల్లీ అని నేను మనసులోనే మొత్తుకున్నాను.

"పదకొండున్నర," అంది కెప్టెను.

వదిన బొటనవేలి గోరు టేపు మీద నొక్కి పట్టుకుని, అలాగే తీసి, తన కుడి కంటి ముందుకు తెచ్చుకుంది. చదివింది. మళ్ళీ చదివింది.

"పది," అంది.

"అమ్మా..."

"నీకు నాలుగేళ్ళప్పుడు టేపు చదవడం నేర్పాను. ఒక్కసారి తప్పు చదవలేదు నువ్వు."

కెప్టెను ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. అలాంటి ఏడుపు నేను ఎక్కడా వినలేదు. పొట్టలోంచి తోడుకొస్తున్నట్టుంది. "నావల్లే అమ్మా. స్కాను నేనే వద్దన్నాను. నేనే మార్పించాను. నెల రోజులమ్మా, నెల రోజులు..."

"ఊరుకో. నాకు మాత్రం తెలివి లేదా? నేనూ వద్దన్నాను. మళ్ళీ ఆ గొట్టంలోకి వెళ్ళాలంటే నాకు భయం. నువ్వు మార్పిస్తానంటే బతికిపోయాననుకున్నాను." వదిన దాని వీపు నిమురుతూ నా వంక తిరిగింది. "నిన్నటి మోపులేనా ఇలా? ముందు కోసినవి?"

"ముందువన్నీ బాగున్నాయి వదినా. నూట ఇరవై. అన్నీ నా చేతి మీదుగా కుట్టి మడత పెట్టాం. ఒక్కటి కూడా ఇలా లేదు."

"అయితే నిన్నటి నుంచే."

"నిన్నటి నుంచే," అన్నాను. ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. "ఒక్క రోజే వదినా. డాక్టరు చెప్పినట్టు ఇవాళే పోదాం. స్కాను నెల కిందట తీసినా అప్పటికి ఏమీ కనబడేది కాదేమో. పిల్ల తప్పేం లేదు."

కెప్టెను ఏడుపు కాస్త తగ్గించి తలెత్తింది. నా మాటను నమ్ముకోవాలని చూస్తోంది. నేనూ నమ్ముకున్నాను. ఆ కొద్ది నిమిషాలు మా ఇంట్లో మిగిలిన అదృష్టమంతా అదే.

"సరే, పదండి," అంది వదిన. "ఆ కాగితం ఇలా ఇవ్వు. ఇందులో గెలిచాను అన్న మాట కొట్టెయ్. నేను వెళ్ళగలిగితే వెళ్తాను, లేకపోతే నువ్వు చదువు. నడక మాత్రం ఆపొద్దు. ఇప్పుడాపితే నా అంత వెధవ ఇంకొకరుండరు. ఏమే, ఒక కోటు ఇలా పడెయ్, బాగున్న వాటిల్లోది. డాక్టరుకి ఇస్తానని మాటిచ్చాను."

కెప్టెను ఫోను తీసుకుని కారు కోసం గుమ్మంలోకి వెళ్ళింది. నేను మడత పెట్టిన దొంతరలోంచి ఒక కోటు తీసి ఇచ్చాను. వదిన దాన్ని తిరగేసింది. ఏ బట్ట చేతికొచ్చినా లోపలి వైపు చూడందే ఆమెకు తోచదు.

పొరలు కోశాక ప్రతి ముక్క వెనకా ఆమె సుద్దతో అంకె వేస్తుంది. ఏడో పొర కుడి ముక్కకు ఏడు, ఏడో పొర ఎడమ ముక్కకు ఏడు. ఒకే పొరలోవి ఒకదానికొకటి జత కావాలని, రంగులో తేడా రాకూడదని. ఈ కోట్లకు లోపల అస్తరు లేదు కాబట్టి అంకెలు అలాగే ఉన్నాయి. నేను ఆ అంకెలు చూసే జత చేశాను. ఎవరి చేతిరాత అని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

వదిన కోటును బాగా కుడి పక్కకు జరుపుకుని చూసింది.

"కుడి ముక్క మీద ఏడు నాది," అంది. "ఎడమ ముక్క మీద ఏడు ఎవరిది?"

నేను చూశాను. వదిన ఏడు గుండ్రంగా ఉంటుంది. ఇది కొక్కెంలా ఉంది. అన్నయ్య రసీదు పుస్తకంలో వేసే ఏడు.

ఇంకో కోటు తీశాను. పన్నెండు. ఇంకోటి. మూడు. దొంతర అడుగు నుంచి ఒకటి లాగాను. కుడి వైపంతా ఆమె రాత. ఎడమ వైపంతా అతని రాత. పొందిగ్గా, భయం భయంగా, ఆమె రాతలా ఉండాలని చూసిన రాత.

మధ్యాహ్నం వదిన మాత్రలేసుకుని పడుకున్నప్పుడల్లా అన్నయ్య నన్ను బొత్తాల కొట్టుకీ దారాల కొట్టుకీ పంపేవాడు. నెల రోజులుగా దారం ఇంత తొందరగా ఎలా అయిపోతోందని నేను విసుక్కునేదాన్ని. ఇవాళ బేనరు తేవడానికి తనే పోవలసి వచ్చింది, ఆ ఎనభైకి టైము చిక్కలేదు.

"అట్ట పెట్టి కోశారా?" అంది వదిన.

"ఊఁ." అన్నయ్య గొంతు అతనికే వినబడనంత చిన్నది. "నీ పాత కోటు ముక్క ఒకటి అట్ట మీద గీసుకున్నాను. మిగిలిన తానులోంచి ఎడమ ముక్కలు మళ్ళీ కోశాను."

"మొదటి మోపు నుంచా?"

అతను తల ఊపాడు.

వదిన నన్ను అడిగింది. "మొదటి మోపు ఎప్పుడు కోశాను నేను?"

నాకు గుర్తుంది. చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ గదిలో అప్పటికే అబద్ధాలు సరిపోయినన్ని ఆడేశాం.

"స్కాను తారీఖుకి వారం ముందు."

గుమ్మంలో ఫోను పట్టుకున్న కెప్టెను ఇటు తిరిగింది. అవతల ఎవరో "చిరునామా చెప్పండి" అంటున్నారు.

"నాన్నా," అంది. "నేను స్కాను మార్పిస్తానన్నప్పుడు నువ్వు అక్కడే కూర్చున్నావు. అప్పటికే నీకు తెలుసు."

అన్నయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఈసారి రాయి కాలేదు.

"రెండేళ్ళ తర్వాత మొదటిసారి మీ అమ్మ కూనిరాగం తీస్తూ కోస్తోంది," అన్నాడు. "ఆ రోజు పొద్దున. నేను మిషను ఆపి విన్నాను. తర్వాత ముక్కలు చేతికొచ్చాయి. చూశాను. చెప్దామనే లేచాను. అది ఇంకా పాడుతోంది. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడూ పాడింది. స్కాను ఎలాగూ ఉంది కదా, వాళ్ళే చెప్తారు, నా నోటితో చెప్పే కర్మ తప్పుతుంది అనుకున్నాను. అంతలో నువ్వు స్కాను తర్వాత అన్నావు. నేను... నాకు ప్రాణం లేచొచ్చింది. అంత పాపిష్టివాణ్ణి."

"ఇందాక నన్నన్నావు," అంది కెప్టెను. ఏడవడం లేదు. "నా వల్లే అన్నావు."

నేను అతని చెల్లెల్ని, వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలి. వెయ్యలేకపోయాను.

వదిన కోటును మడత పెట్టింది. ఆమె ఎడమ చెయ్యి ఆ మడత కిందే ఉండిపోయింది, ఆమె గమనించలేదు. నేను వెళ్ళి తీశాను. తర్వాత రెండో చెప్పు వెతికి తెచ్చి ఆమె కాలికి తొడిగాను. అప్పుడు గాని ఆమె ఆ కాలి వంక చూసుకోలేదు.

"చిరునామా చెప్పవే," అంది కూతురితో. "అవతల మనిషి ఎదురు చూస్తున్నాడు."

కెప్టెను చెప్పింది. అయిదు నిమిషాల్లో వస్తానన్నాడు.

అన్నయ్య లేచి చొక్కా సర్దుకున్నాడు. ఆస్పత్రి కాగితాలుండే సంచి కోసం లోపలికి వెళ్ళబోయాడు.

"మీరెక్కడికి?" అంది వదిన.

"మీతో..."

"మేము ముగ్గురం వెళ్తాం. మీరు కొట్లోనే ఉండండి." ఆమె గొంతులో కోపం లేదు. రోజూ పని పురమాయించే గొంతే అది. "ఇంకా ఎనభై ఉన్నాయి. ఎడమ ముక్కలు సరిచేసి పెట్టండి. మీకు అలవాటేగా."

బయట కారు ఆగింది. నేను వదిన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. కెప్టెను కుడి వైపు వచ్చింది. మెట్లు దిగుతుంటే వెనక కరెంటు కత్తి మొదలైన చప్పుడు వినిపించింది, వదిన వెనక్కి తిరగలేదు.